మనసు ఎందుకు కదులుతుంది, ఎందుకు మొరాయిస్తుంది: బెంగళూరు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి, కె.ఆర్.పురం, బి.టి.ఎం. వైపు పీజీల్లోనూ అపార్ట్‌మెంట్లలోనూ ఉండే మనవాళ్ళకి ఆదివారాలు సైకాలజీ పాఠాలు చెబుతుంటాను. మోటివేషన్, ఎమోషన్ అనే రెండు పాఠాల దగ్గరికి వచ్చేసరికి మనుషులు మారినా ప్రశ్నలు మారవు. ప్రతి ఒక్కరికీ విడివిడిగా వాట్సాప్‌లో జవాబు రాసే ఓపిక తగ్గి, అన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను. ఊరికి కొత్తగా వచ్చిన రోజుల నుంచి పిల్లల చదువుల దాకా వరసగా పేర్చాను గానీ, మీకు కావలసింది ఒక్కటే చదువుకుని వెళ్ళిపోయినా ఇబ్బంది లేదు. ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. మనిషి కదలకపోతే అతని గుణాన్ని తిట్టేముందు అతని చుట్టూ ఉన్న ఏర్పాటుని చూడాలన్నది నా మొగ్గు. జవాబుల్లో ఆ పక్షపాతం కనిపిస్తుంది.

## ఊరికి కొత్తగా వచ్చి, కోర్సులూ ఇంటర్వ్యూలూ నడుస్తున్న రోజుల్లో

మేడం, మోటివేషన్ వీడియో చూస్తే ఆ పూటకి రక్తం ఉడుకుతుంది, తెల్లారేసరికి మళ్ళీ మామూలే. నాలో ఏదైనా లోపముందా?

లోపమేమీ లేదు. ప్రేరణని సైకాలజీలో మూడు రకాలుగా చూస్తారు: ఎటు వెళ్తున్నాం, ఎంత జోరుగా వెళ్తున్నాం, ఎంతకాలం వదలకుండా పట్టుకున్నాం. వీడియో కాసేపు జోరు పెంచుతుంది, అంతే. 'ఈ పని నా వల్ల అవుతుంది' అన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో చెబుతూ సైకాలజిస్టు ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు మూలాలు చూపించాడు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, మనలాంటివాడు నెగ్గడం కళ్ళారా చూడటం, ఎవరో వెన్నుతట్టి చెప్పడం, ఆ సమయానికి ఒంట్లో ఉన్న స్థితి. అన్నిట్లోకీ గట్టిది మొదటిది. వీడియోలో దొరికేది మూడోది. కోట్లు గడించినవాడి కథ రెండోదాని కింద కూడా రాదు, అతను మనలాంటివాడు కాదు కదా. మొన్నటిదాకా మీలాగే జావా అర్థంకాక తల పట్టుకున్న పక్క మంచం కుర్రాడు ఇవాళ ఒక ప్రోగ్రామ్ నడిపించి చూపిస్తే, అది మీమీద పనిచేస్తుంది.

ఇంకొకటి. 'రేపట్నుంచి గట్టిగా చదువుతా' అన్న సంకల్పం కన్నా, 'రాత్రి భోంచేసి చెయ్యి కడుక్కోగానే మేడ మీదకెళ్ళి ఒక ప్రాబ్లం చేస్తా' అన్న ఏర్పాటు పని జరిపిస్తుందని పీటర్ గోల్విట్జర్ 1990ల నుంచి చూపిస్తూ వచ్చాడు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే ఖాయం చేసుకుంటే, ఆ వేళకి ఉత్సాహం ఉందా లేదా అని మనసుని బతిమాలే పని తప్పుతుంది.

మాస్లో పిరమిడ్ ప్రకారం నా గది, జీతం సర్దుకునేదాకా పెద్ద ఆశయాల గురించి ఆలోచించడం దండగేనా?

తిండీ భద్రతా అడుగున, ఆశయాలు పైన ఉండేలా మనిషి అవసరాలని మెట్లుగా పేర్చిన బొమ్మ అది. అసలు అది మాస్లో గీసింది కాదు. అబ్రహాం మాస్లో 1943లో రాసిన వ్యాసంలో బొమ్మే లేదు; తర్వాత మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్ళు ఆ త్రికోణం గీసుకున్నారు. ఒక మెట్టు పూర్తిగా నిండితేగానీ పై మెట్టు తలుపు తెరుచుకోదని కూడా ఆయన అనలేదు. ఒక మామూలు మనిషిని ఊహించి, అతనికి శరీర అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, తన సత్తా పూర్తిగా వికసించడం 10 శాతం తీరి ఉంటాయనుకోండి అని ఉదాహరణకి అంకెలు వేసి చూపించాడు. అంటే అన్నీ ఒకేసారి, తలా కొంత. ఈ వరస తిరగబడే మనుషులు ఉంటారని ఆ వ్యాసంలోనే ఉంది. పీజీ సాంబారుతో సరిపెట్టుకుని నెలనెలా ఇంటికి డబ్బు పంపే కుర్రాడు బహుశా మీ గదిలోనే ఉంటాడు. అతణ్ణి ఆ త్రికోణంలో ఏ అంతస్తులో పెడతారు?

పరీక్ష భయం కాస్త ఉంటేనే చదువు ఎక్కుతుందంటారు. ఎంత భయం ఉండాలి?

ఈ మాట 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. ఒకటి తెల్ల పెట్టె, ఒకటి నల్ల పెట్టె. తప్పు పెట్టెలోకి వెళ్తే కరెంటు షాక్. రెండింటికీ తేడా సులువుగా తెలుస్తున్నప్పుడు షాక్ పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా పట్టడం కష్టమైనప్పుడు మాత్రం షాక్ మరీ ఎక్కువైతే నేర్చుకోవడం మందగించింది. కాబట్టి ఎంత భయం అన్నది పనిని బట్టి ఉంటుంది. వచ్చిన ఫార్ములాలనే గబగబా తిరగరాయడానికి గడువు కంగారు సాయపడుతుంది. ఎన్నడూ చూడని సమస్యని ఇంటర్వ్యూ బోర్డు ముందు నిలబడి ఆలోచించాల్సి వస్తే అదే కంగారు గొంతు పట్టుకుంటుంది.

విల్‌పవర్ ఫోన్ చార్జింగ్‌లా సాయంత్రానికి అయిపోతుందట కదా. అందుకేనా రాత్రిళ్ళు చదవలేకపోతున్నాను?

ఈ ఆలోచనకి పేరు తెచ్చింది 1998లో రాయ్ బౌమైస్టర్ బృందం చేసిన ప్రయోగం. ఆకలిగా ఉన్న విద్యార్థుల ముందు అప్పుడే కాల్చిన చాక్లెట్ బిస్కెట్లూ ముల్లంగీ పెట్టి, కొందరిని ముల్లంగే తినమన్నారు. ఆ తర్వాత ఎంతకీ తెగని పజిల్ ఇస్తే, ముల్లంగి తిన్నవాళ్ళు ముందుగా చేతులెత్తేశారు. బిస్కెట్ల మీదికి చెయ్యి పోకుండా ఆపుకోవడానికే వాళ్ళ విల్‌పవర్ ఖర్చయిపోయిందని వివరణ. చాలాకాలం ఇదే పాఠం నడిచింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి ఇదే ఆలోచనని మరో పనితో పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. వైట్‌ఫీల్డ్ నుంచి బస్సులో నిలబడి వచ్చినవాడు అలిసిపోవడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. నిద్ర ఎంత, తిండి ఎప్పుడు, ప్రయాణం ఎంతసేపు అన్నవి ముందు చూసుకోండి.

వరసగా ఇంటర్వ్యూలు పోయాక అప్లై చేయడానికి చెయ్యే రావట్లేదు. ఇంట్లో బద్ధకం అంటున్నారు.

1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మయర్ కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. ఏం చేసినా తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు, తర్వాత చిన్న అడ్డు దూకితే బయటపడగలిగే చోట కూడా చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. 'నేనేం చేసినా ఒకటే' అన్న నిస్సహాయత నేర్చుకున్నదని అప్పట్లో వాళ్ళు వివరించారు. దాదాపు 50 ఏళ్ళ తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ వివరణని తిరగేశారు. దెబ్బ మీద దెబ్బ తగిలినప్పుడు ముడుచుకుపోవడం మెదడుకి పుట్టుకతో ఉన్న తీరేననీ, నేర్చుకోవాల్సింది 'ఇది నా చేతిలో ఉంది' అన్నదాన్నేననీ తేల్చారు.

మీ విషయంలో దీనర్థం ఏమిటంటే, ఫలితం మీ చేతిలో ఉన్న పనులు కొన్ని రోజువారీలో ఉండాలి. ఆఫర్ రావడం మీ చేతిలో లేదు. స్నేహితుడితో మాక్ ఇంటర్వ్యూ పెట్టుకోవడం, పోయిన ఇంటర్వ్యూలో తడబడ్డ ప్రశ్నని ఆ రాత్రే రాసి చూసుకోవడం మీ చేతిలో ఉన్నాయి. ఇంట్లోవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ఫోన్ చేసిన ప్రతిసారీ 'ఏమైంది, వచ్చిందా?' అనకండి.

## ఉద్యోగంలో కుదురుకున్నాక

హైక్ మెయిల్ వచ్చిన రోజు గాల్లో తేలాను. రెండో జీతానికే అంతా మామూలైపోయింది. అంటే డబ్బు మోటివేట్ చేయదా?

చేస్తుంది, కానీ మీరనుకున్న తీరులో కాదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం అమెరికాలో పిట్స్‌బర్గ్ ప్రాంతపు ఇంజనీర్లు, అకౌంటెంట్లు సుమారు 200 మందిని అడిగి 1959లో ఫలితాలు అచ్చువేసింది. పనిలో బాగా సంతోషపడ్డ సందర్భం చెప్పమంటే వాళ్ళు సాధించినదాని గురించి, దక్కిన గుర్తింపు గురించి, పని గురించే మాట్లాడారు. విసిగిపోయిన సందర్భం చెప్పమంటే కంపెనీ రూల్సు, పై అధికారి, జీతం, వసతులు ముందుకొచ్చాయి. జీతం తక్కువైతే మనిషి కుములుతాడు, సరిపడా అయితే కుమలడం ఆగుతుంది, అక్కణ్ణుంచి ఉత్సాహం వేరే చోటు నుంచి రావాలి అని ఆయన వాదం. దీనికి గట్టి అభ్యంతరం కూడా ఉంది: మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అనడం మనిషి నైజం కాబట్టి, అలా అడిగితే అలాంటి జవాబులే వస్తాయని విమర్శకులు అన్నారు.

నన్నడిగితే ఈ ఊరికి హెర్జ్‌బర్గ్ కన్నా జాన్ స్టేసీ ఆడమ్స్ బాగా సరిపోతాడు. మనం పెట్టిన శ్రమకీ దక్కినదానికీ ఉన్న నిష్పత్తిని పక్కవాడి నిష్పత్తితో పోల్చుకుని న్యాయమో అన్యాయమో తేల్చుకుంటామని ఆయన 1960లలో చెప్పాడు. హైక్ మెయిల్ చదివిన ఆనందం ఎక్కడిదాకా అంటే, క్యాంటీన్‌లో పక్క టీమ్‌వాడి శాతం చెవిన పడేదాకా.

కాలేజీలో రాత్రుళ్ళు మేలుకుని సరదాగా కోడ్ రాసేవాణ్ణి. ఇప్పుడు అదే పనికి జీతం ఇస్తుంటే ల్యాప్‌టాప్ తెరవబుద్ధి కావట్లేదు. ఎందుకిలా?

దీనికి ఎక్కువ చోటిస్తాను, ఈ ఊళ్ళో నేను ఎక్కువగా వినే బాధ ఇదే.

1971లో ఎడ్వర్డ్ డెసి విద్యార్థులకి సోమా అనే ఘనాకారపు పజిల్ ఇచ్చాడు. ఏడు ముక్కలు, వాటితో రకరకాల ఆకారాలు కట్టొచ్చు, మొదలెడితే వదలబుద్ధి కాదు. మూడు విడతలు కూర్చోబెట్టాడు. రెండో విడతలో ఒక గుంపుకి మాత్రం విప్పిన ప్రతి పజిల్‌కీ ఒక డాలర్ ఇచ్చాడు. మధ్యలో ఏదో పనుందని గది బయటికి వెళ్ళి, వాళ్ళకి తెలియకుండా గమనించేవాడు. బల్ల మీద పత్రికలు ఉంటాయి, పజిల్ కూడా ఉంటుంది, ఎవరిష్టం వాళ్ళది. మూడో విడతలో డబ్బు లేదు. డబ్బు రుచి చూసిన గుంపు ఆ ఖాళీ సమయంలో పజిల్ జోలికి వెళ్ళడం తగ్గింది. 'ఇష్టం కాబట్టి చేస్తున్నా' అన్నది 'డబ్బుకోసం చేస్తున్నా'గా మారిపోయిందన్నమాట.

దీనిమీద పెద్ద గొడవే నడిచింది. బహుమతుల వల్ల చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదని జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ 1994లో వాదించారు. డెసి, రిచర్డ్ కోస్ట్‌నర్, రిచర్డ్ రయాన్ 1999లో 128 అధ్యయనాలని కలిపి చూసి తేడాలు విడదీశారు. 'ఇది చేస్తే అది ఇస్తా' అని ముందే షరతు పెట్టిన బహుమతి ఇష్టాన్ని తగ్గిస్తుంది. అనుకోకుండా ఇచ్చింది తగ్గించదు. 'ఈ భాగం నువ్వు రాసిన తీరు బాగుంది' అన్న నోటిమాట ఇష్టాన్ని పెంచుతుంది కూడా.

అయినా మీ బాధకి జీతం ఒక్కటే కారణమని నేననుకోను. డెసి, రయాన్‌లు ఆ తర్వాత కట్టిన సిద్ధాంతం ప్రకారం మనిషికి మూడు ఆకళ్ళుంటాయి: తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేతనవుతోందన్న భావన, నావాళ్ళ మధ్య ఉన్నానన్న భావన. ఇప్పుడు మీ రోజు చూడండి. పొద్దున స్టాండప్ అనే చిన్న మీటింగ్‌లో 'నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, బ్లాకర్స్ (అడ్డంకులు) ఉన్నాయా' అని వరసగా అప్పజెప్పాలి. డిజైన్ ఎవరో చేసేశారు, పని అప్పగించే టికెట్‌లో ఎన్ని గంటలు పడుతుందో ఇంకెవరో వేసేశారు. మీరు రాసిన కోడ్‌ని ఏ మనిషి వాడుతున్నాడో తెలీదు. టీమ్ సగం వేరే దేశంలో, కెమెరాలు ఆఫ్. కాలేజీ రాత్రుల్లో ఈ మూడూ ఉండేవి, పక్కన టీ గ్లాసుతో కూర్చుని ఎర్రర్ చూసి నవ్వే స్నేహితుడితో సహా.

ప్రతి పనీ సరదాగా ఉండాలని ఈ సిద్ధాంతం అనదు. తిట్లకి భయపడి చేయడం, సిగ్గుపడి చేయడం, దీని విలువ తెలిసి చేయడం, ఇష్టపడి చేయడం అని మెట్లుంటాయి. మూడో మెట్టు దాకా వచ్చినా మనిషి నలిగిపోకుండా పనిచేయగలడు. మేనేజర్‌ని అడగాల్సింది అలాంటప్పుడు ఇంకో శాతం హైక్ మాత్రమే కాదు, ఒక చిన్న మాడ్యూల్‌కి పూర్తి బాధ్యత.

మా లీడ్ 'స్ట్రెచ్ గోల్' అంటూ అందని టార్గెట్ పెడతాడు. కష్టమైన లక్ష్యమే మంచిదని సైకాలజీ చెప్తుందట, నిజమేనా?

సగం నిజం. 'నీ శాయశక్తులా చెయ్యి' అనడం కన్నా, స్పష్టమైన, కష్టమైన లక్ష్యం పెడితే పని బాగా జరుగుతుందని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పరిశోధనతో చూపించిన మాట వాస్తవం. మీ లీడ్ వదిలేసిన షరతులున్నాయి: ఆ లక్ష్యాన్ని చేసేవాడు తనదిగా ఒప్పుకోవాలి, చేయగల నైపుణ్యం ఉండాలి, ఎంతవరకు వచ్చామో మధ్యమధ్యలో తెలియాలి. విక్టర్ వ్రూమ్ 1964లో ఇదే విషయాన్ని గుణకారంగా చెప్పాడు: కష్టపడితే పని అవుతుందన్న నమ్మకం, పని అయితే ఫలితం ఇస్తారన్న నమ్మకం, ఆ ఫలితం మీద నాకున్న మోజు. మూడూ గుణించాలి. పోయినేడాది మాటిచ్చిన ప్రమోషన్ రాలేదంటే రెండోది సున్నా, ఇక మిగతావి ఎంతున్నా లబ్ధం సున్నాయే.

ఇవన్నీ అమెరికా కథలే. మన తెలుగువాళ్ళ మీద ఎవరైనా ఇలాంటి ప్రయోగం చేశారా?

చేశారు, అదీ కాకినాడవాళ్ళ మీద. హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్‌ది సాధన తపన సిద్ధాంతం. మనుషుల్లో ఏదైనా సాధించాలన్న తపన, నలుగురితో కలిసిమెలిసి ఉండాలన్న తపన, అధికారం చలాయించాలన్న తపన వేర్వేరు పాళ్ళలో ఉంటాయంటాడు. ఒక బొమ్మ చూపించి కథ రాయమని, ఆ కథలో ఏ తపన ఎంతుందో లెక్కగట్టేవాళ్ళు. సాధన తపన పుట్టుకతో వచ్చి ఉండిపోయేదా, పెద్దయ్యాక నేర్పొచ్చా అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఆయన బృందం 1964లో కాకినాడ వ్యాపారుల్ని ఎంచుకుంది. హైదరాబాదులో చిన్న పరిశ్రమల శిక్షణకి పెట్టిన సియెట్ సంస్థలో వాళ్ళకి తరగతులు జరిగాయి. ఇప్పుడు యూసఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్న సంస్థ అదే.

ఆ శిక్షణలో నాకు నచ్చిన ఆట ఒకటుంది. నేల మీద మేకు, చేతిలో రింగులు. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరిష్టం వాళ్ళది. మరీ దగ్గర నిలబడితే పడుతుంది గానీ మజా లేదు. మరీ దూరమైతే అదృష్టం. సాధన తపన ఉన్నవాడు పడొచ్చు పడకపోవచ్చు అనిపించే దూరం ఎంచుకుంటాడని సిద్ధాంతం. వ్యాపారులకి ఈ ఆట ఆడించి, తమ ఎంపికని తామే గమనించుకోమన్నారు. తర్వాత రెండేళ్ళు గమనిస్తే, శిక్షణ లేనివాళ్ళతో పోలిస్తే శిక్షణ పొందినవాళ్ళు కొత్త పనులు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో చురుగ్గా కనిపించారు. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో ఈ ఫలితాలతో పుస్తకం వేశారు. అప్పు పుట్టని ఊళ్ళో, సరుకు కొనేవాడు లేనిచోట తపన ఒక్కటే ఏం చేస్తుందని ఆర్థికవేత్తలు నిలదీశారు. నాకూ ఆ అనుమానం ఉంది. అయినా గోదావరి జిల్లావాళ్ళు పాఠంలో ఈ ముక్క వినగానే నిటారుగా కూర్చుంటారు.

## కోపం, భయం, ఏడుపు గురించి చదవడం మొదలుపెట్టాక

గుండెదడ ముందా, భయం ముందా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది.

భయం వేసింది కాబట్టి గుండె కొట్టుకుంటుందని అందరం అనుకుంటాం. విలియం జేమ్స్ 1884లో దాన్ని తలకిందులు చేశాడు: ఒళ్ళు ముందు కదులుతుంది, ఆ కదలికని మనసు గమనించడమే భయం. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో కార్ల్ లాంగే దాదాపు అదే చెప్పాడు. వాల్టర్ కానన్ 1927లో అడ్డుతగిలాడు. కోపానికీ భయానికీ, జ్వరానికి కూడా గుండె ఒకేలా కొట్టుకుంటుంటే, ఏది ఏ ఉద్వేగమో ఒంటిని బట్టి ఎలా తెలుస్తుంది? పైగా లోపలి అవయవాలు నెమ్మదిగా స్పందిస్తాయి, ఉద్వేగం మాత్రం క్షణంలో వస్తుంది.

1962లో స్టాన్లీ షాక్టర్, జెరోమ్ సింగర్ మూడో దారి పట్టారు. విటమిన్ అని చెప్పి, గుండెదడ తెప్పించే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి, కొందరికి దడ వస్తుందని ముందే చెప్పారు, కొందరికి చెప్పలేదు. పక్కన సరదాగా ఎగిరేవాణ్ణో చిరాకుపడేవాణ్ణో కూర్చోబెట్టారు. కారణం తెలియనివాళ్ళు తమ దడకి ఆ పక్కవాడి మూడ్‌నే పేరుగా తగిలించుకునే వైపు మొగ్గారు. ఒళ్ళు ఊపు ఇస్తుంది, మనసు దానికి కారణం వెతికి పేరు పెడుతుంది అన్నది వాళ్ళ మాట. ఆ ప్రయోగ ఫలితాలు తర్వాత చేసినవాళ్ళకి అంత గట్టిగా రాలేదు గానీ, ఆలోచన మాత్రం నిలిచింది.

సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దగ్గర చూడండి. ఉక్క, హారన్లు, పొద్దున ఖాళీ కడుపుతో తాగిన రెండు ఫిల్టర్ కాఫీలు, అప్పటికే దడగా ఉంటుంది. సరిగ్గా అప్పుడు భార్య ఫోన్ చేసి 'ఎక్కడున్నారండీ?' అంటుంది. ఆ దడంతా ఆమె మీద కోపంగా బయటికొస్తుంది.

వండర్‌లాలో పెద్ద రైడ్ ఎక్కిస్తే ఆ అమ్మాయి ప్రేమలో పడుతుందని చదివాను. పనిచేస్తుందా?

మీరు చదివింది 1974లో డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ కెనడాలోని కాపిలానో వేలాడే వంతెన మీద చేసిన ప్రయోగం. ఊగే వంతెన దాటుతున్న మగవాళ్ళకి ఒక యువతి ప్రశ్నలు వేసి ఫోన్ నంబరు ఇచ్చింది. తీసుకున్న 18 మందిలో 9 మంది తర్వాత ఫోన్ చేశారు. గట్టి వంతెన దగ్గర నంబరు తీసుకున్న 16 మందిలో ఇద్దరే చేశారు. దడని ఆకర్షణగా పొరబడ్డారని వివరణ. ఇవి చిన్న అంకెలు, పైగా ఎవరు ఏ వంతెన ఎక్కాలో పరిశోధకులు నిర్ణయించలేదు, కాబట్టి తేడా వంతెనది కాక మనుషులదే కావొచ్చు. ఆ అమ్మాయికి మీరంటే ముందే చిరాకైతే, దడ ఆ చిరాకునీ పెంచొచ్చు. ఎంట్రీ టికెట్ డబ్బులు మీ ఇష్టం.

ఎక్మన్ చెప్పిన ఉద్వేగాలు ఆరు, మన అరిషడ్వర్గాలూ ఆరే. మనవాళ్ళు ముందే కనిపెట్టారన్నమాట?

అంకె కలిసింది, అంతే. కామ క్రోధ లోభ మోహ మద మాత్సర్యాలు గెలవాల్సిన శత్రువుల జాబితా. పాల్ ఎక్మన్‌ది మొహం చూసి పోల్చగలిగే ఉద్వేగాల జాబితా: సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం. 1960ల చివర్లో బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని పపువా న్యూగినీ ఫోరే ప్రజలకి ఫొటోలు చూపించి ఆయన దీన్ని పరీక్షించాడు. రెండు జాబితాల్లోనూ ఉన్నది కోపం ఒక్కటే.

పోల్చాలంటే నాట్యశాస్త్రంతో పోల్చండి. అందులో స్థాయీభావాలు, అంటే రసాలకి మూలమైన భావాలు, ఎనిమిది: రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. శోకం, క్రోధం, భయం, జుగుప్స, విస్మయం నేరుగా కలుస్తాయి, హాసం సంతోషానికి దగ్గర. నాకు ఆసక్తి కలిగించేది కలవనిది. వీరరసానికి మూలమైన ఉత్సాహం ఎక్మన్ దగ్గర లేదు. ఏదో చేయాలని లోపల్నుంచి పొంగే ఆ స్థితిని మన శాస్త్రం ఉద్వేగాల పక్కనే కూర్చోబెట్టింది. పాశ్చాత్య పాఠ్యపుస్తకం దాన్ని తీసుకెళ్ళి మోటివేషన్ అనే వేరే అధ్యాయంలో పెట్టింది.

ఎక్మన్ మాటే చివరిదనుకోకండి. ఉద్వేగాలు పుట్టుకతో ముద్రవేసినవి కావనీ, ఒంటి సంకేతాలూ పాత అనుభవాలూ పెరిగిన సంస్కృతీ కలిపి మెదడు అప్పటికప్పుడు కట్టేవనీ లీసా ఫెల్డ్‌మన్ బారెట్ గట్టిగా వాదిస్తోంది.

కోపం వస్తే మింగెయ్యాలా, కక్కెయ్యాలా?

రెండూ అంత మంచివి కావు. పైకి కనిపించకుండా ఉద్వేగాన్ని అదిమిపెట్టినవాళ్ళ ఒంట్లో ఒత్తిడి పెరుగుతుందనీ, ఆ సమయంలో జరిగిన విషయాలు సరిగా గుర్తుండవనీ జేమ్స్ గ్రాస్ ప్రయోగాల్లో తేలింది. కక్కేస్తే తేలికవుతుందన్న నమ్మకాన్ని బ్రాడ్ బుష్‌మన్ 2002లో పరీక్షించాడు. తమని అవమానించినవాణ్ణి తలుచుకుంటూ సంచిని గుద్దినవాళ్ళకి కోపం తగ్గలేదు సరికదా, పెరిగింది.

గ్రాస్ మెరుగైన దారి అన్నది సంఘటనని వేరే కోణంలో చూడటం, అదీ కోపం ముదరకముందే. గది ఖాళీ చేసేటప్పుడు ఓనర్ అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె పెయింటింగ్ కింద కోసేశాడనుకోండి. 'మనం బయటివాళ్ళమని మోసం చేశాడు' అనుకుంటే ఒళ్ళు మండుతుంది. 'అగ్రిమెంట్‌లో ఉన్న ముక్కే, నేను చదవకుండా సంతకం పెట్టాను; లేకపోతే కాగితం చూపించి అడుగుతాను' అనుకుంటే అదే కోపం ఒక పనిగా మారుతుంది. నిజంగా అన్యాయం జరిగినచోట కోణం మార్చుకుని సర్దుకుపొమ్మని మాత్రం ఎవరికీ చెప్పను. కోపం అడ్డంకిని తొలగించడానికి వచ్చిన ఉద్వేగం, దాని పని దాన్ని చేయనివ్వాలి.

ఊరికే నవ్వుమొహం పెట్టుకుంటే సంతోషం వస్తుందా?

కాస్త. పళ్ళ మధ్య పెన్ను పెట్టుకుంటే కార్టూన్లు ఎక్కువ నవ్వొస్తాయన్న 1988 ప్రయోగం 2016లో 17 ప్రయోగశాలల్లో తిరిగి చేస్తే నిలబడలేదు. 2022లో 19 దేశాల్లో చేసిన పెద్ద అధ్యయనంలో, కావాలని నవ్వుమొహం పెట్టినవాళ్ళకి సంతోషం కొద్దిగా పెరిగినట్టు తేలింది. పెన్ను పద్ధతికి మాత్రం అక్కడా స్పష్టమైన ఆధారం దొరకలేదు.

## ఇంట్లో చదువుకునే పిల్లలున్నప్పుడు

మార్కులొస్తే సైకిల్ కొనిస్తానని చెప్పడం తప్పా?

పిల్లాడికి ఆ సబ్జెక్టు ముందే ఇష్టమైతే తప్పే. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో బొమ్మలు గీయడమంటే సరదాపడే చిన్నపిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒకరికి 'గీస్తే బంగారు ముద్రా రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం' అన్నారు, ఒకరికి గీశాక చెప్పకుండా ఇచ్చారు, ఒకరికి ఏమీ లేదు. కొన్నాళ్ళ తర్వాత ఆటల వేళలో చూస్తే, ముందే మాటిచ్చి బహుమతి ఇచ్చిన గుంపు మాత్రమే మార్కర్లతో గీయడం తగ్గించింది. అసలు ఇష్టమే లేని పని, ఉదాహరణకి ఎక్కాలు, మొదలుపెట్టించడానికి చిన్న ఆశ చూపడంలో అంత ప్రమాదం లేదు. సైకిల్ ఎలాగూ కొనిపెట్టేదే అయితే పుట్టినరోజుకి కొనిపెట్టండి.

'మా బుజ్జిది ఎంత తెలివైందో' అనకూడదట, నిజమా?

క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో అయిదో తరగతి ఈడు పిల్లల్ని ఒక పరీక్ష అయ్యాక కొందరిని 'తెలివైనవాళ్ళు' అనీ, కొందరిని 'బాగా కష్టపడ్డారు' అనీ మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన లెక్కలిచ్చి ఓడేలా చేస్తే, తెలివి బిరుదు పొందినవాళ్ళు త్వరగా నిరాశపడ్డారు, ఆ తర్వాత మామూలు పరీక్షలోనూ వెనకబడ్డారు. ఓడితే బిరుదు పోతుంది కదా. దీన్ని పట్టుకుని స్కూళ్ళలో పెట్టిన పెద్దపెద్ద కార్యక్రమాల్లో సగటున కనిపించే లాభం చిన్నదే. కాబట్టి అమ్మమ్మ 'బంగారుకొండ' అంటే కంగారుపడకండి.

మావాడు చాక్లెట్ ఎదురుగా ఉంటే ఆగలేడు. పెద్దయ్యాక పైకి రాడా?

వాల్టర్ మిషెల్ మార్ష్‌మాలో ప్రయోగం గురించి విని భయపడుతున్నారు. ఎదురుగా ఉన్న మిఠాయి తినకుండా కాసేపు ఆగితే రెండోది కూడా ఇస్తామంటే, ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారన్నది అందులోని మాట. 900కి పైగా పిల్లలతో 2018లో టైలర్ వాట్స్ బృందం మళ్ళీ చూస్తే, ఇంటి పరిస్థితులని లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. అంతకన్నా ముఖ్యమైంది 2013లో సెలెస్ట్ కిడ్ బృందం చేసింది. ముందుగా ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలే. ఈ ఆదివారం కబ్బన్ పార్కుకి తీసుకెళ్తానని వాడికి చెప్పి, ఆఫీసు కాల్ వచ్చిందని ఎన్నిసార్లు మానేశారో ఒకసారి లెక్కపెట్టుకోండి.

## మనసు మొరాయించినప్పుడు

రీల్స్ వల్ల డోపమిన్ అయిపోయిందంటున్నారు. డోపమిన్ డీటాక్స్ చేస్తే ఉత్సాహం తిరిగొస్తుందా?

డోపమిన్ అనేది మెదడు కణాలు సంకేతాలు పంపడానికి వాడే రసాయనం. ఒంట్లోంచి కడిగేసే విషం కాదు, అది లేకపోతే మంచం మీంచి లేవలేం. వోల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమిన్ కణాల్ని గమనించాడు. అనుకోకుండా పళ్ళరసం అందితే అవి ఎగిశాయి, అంటే వాటి చురుకు పెరిగింది. రసానికి ముందు లైటు వెలుగుతుందని నేర్చుకున్నాక లైటుకే ఎగిశాయి. లైటు వెలిగి రసం రాకపోతే పడిపోయాయి. అంటే ఇది సుఖం కన్నా, అనుకున్నదానికీ అందినదానికీ తేడాని చెప్పే సంకేతం. కెంట్ బెరిడ్జ్ ఇంకో అడుగు వేశాడు. డోపమిన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు నోట్లో తీపి పడితే ఆస్వాదించాయి గానీ, దానికోసం కదల్లేదు. కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. తర్వాతి రీల్ ఏమొస్తుందో తెలియకపోవడమే వేలిని కదిలిస్తుంది, చూస్తున్నది నచ్చకపోయినా. ఒకరోజు ఫోన్ ఉపవాసం కన్నా, రాత్రి ఫోన్‌ని హాల్లో చార్జింగ్‌కి పెట్టి పడుకోవడం నయం.

ఏ పనీ చేయాలనిపించట్లేదు. ఇది బద్ధకమా, డిప్రెషనా? ఎలా తెలుస్తుంది?

బద్ధకమైతే ఆఫీసు పని వాయిదా పడుతుంది గానీ క్రికెట్ మ్యాచ్ వాయిదా పడదు. ఇష్టమైనవి కూడా చప్పబడిపోతే గమనించాలి. రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ, వాటితోపాటు నిద్ర, ఆకలి మారడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఏకాగ్రత పోవడం, నేను పనికిరానన్న ఆలోచన, చావు గురించిన తలపులు, ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలకి పైగా దాదాపు రోజూ ఉంటే డాక్టరుని కలవాలి. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే కనిపించొచ్చు, రక్తపరీక్ష అందుకే చేయిస్తారు. చావు తలపులు వస్తుంటే రెండు వారాలు ఆగకండి, ఇవాళే ఎవరికైనా చెప్పండి. ఈ పేజీలోని సిద్ధాంతాలతో మీకు మీరే వైద్యం చేసుకోవద్దు.

నిమ్హాన్స్‌కి వెళ్తే పిచ్చి అని ముద్ర పడదా? ఆఫీసులో తెలిస్తే?

నిమ్హాన్స్ అంటే మానసిక, నరాల జబ్బులకి బెంగళూరులో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. హోసూర్ రోడ్డు మీద దాని ఓపీలో పొద్దున కాసేపు కూర్చుంటే ఆ భయం పోతుంది. మూర్ఛకి వచ్చినవాళ్ళు, తలనొప్పికి వచ్చినవాళ్ళు, నిద్రపట్టక వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, చిత్తూరు, అనంతపురం నుంచి రాత్రి బస్సులో వచ్చిన తెలుగు కుటుంబాలు, అందరూ ఒకే బెంచీల మీద ఉంటారు. మీ వివరాలు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. శరీరానికి వచ్చే జబ్బులతో సమానంగా మానసిక చికిత్సకీ ఇన్సూరెన్స్ ఉండాలని కూడా అదే చట్టంలో ఉంది. మీ పాలసీ కాగితంలో షరతులు ఒకసారి చూసుకోండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉంది. నంబరు 14416, ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.